అనుమానమే ఆయుధం

1987 జులై 24న పర్షియన్ గల్ఫ్‌లో ఒక విచిత్రమైన వరుస కనిపించింది. ముందు బ్రిడ్జిటన్ అనే భారీ చమురు ట్యాంకర్ వెళుతోంది. దాని వెనకాల, సరిగ్గా అది వెళ్ళిన దారిలోనే, అమెరికా యుద్ధనౌకలు ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నాయి. ఇరాన్-ఇరాక్ యుద్ధం అప్పటికి ఏడో ఏట ఉంది. కువైట్ ట్యాంకర్లకు అమెరికా జెండా కట్టి, యుద్ధనౌకల కాపలాతో వాటిని దాటించాలన్నది పథకం. ఆ పథకంలో ఇదే మొదటి ప్రయాణం. ఫార్సీ ద్వీపం దగ్గర ట్యాంకర్ కింద మందుపాతర పేలింది. అంత పెద్ద ఓడ కాబట్టి చిల్లు పడినా మునగలేదు, ముందుకు సాగింది. కాపలాకు వచ్చిన యుద్ధనౌకలు మాత్రం అలాంటి దెబ్బను తట్టుకునేవి కావు. అందుకని అవి ట్యాంకర్ చాటుకు చేరాయి. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన నౌకాదళం, తాను కాపాడవలసిన సరుకు ఓడనే డాలుగా పెట్టుకోవలసి వచ్చింది. ఆ పరిస్థితి తెచ్చినది విమానవాహక నౌకా కాదు, జలాంతర్గామీ కాదు. ఎవరో చీకట్లో పడవ మీద నుంచి నీళ్ళలోకి జారవిడిచిన ఇనప గుండు.

ఆధునిక యుద్ధంలో నౌకాబలం గురించి మాట్లాడేటప్పుడు మనం ఓడల్ని లెక్కపెడతాం. ఎన్ని విమానవాహక నౌకలు, ఎన్ని అణు జలాంతర్గాములు, క్షిపణి ఎంత దూరం వెళుతుంది అని చూస్తాం. ఆ లెక్కలు అవసరమే. కానీ సముద్రాన్ని రాజకీయంగా ఎవరు శాసిస్తున్నారో వాటితో పూర్తిగా తేలదు. సముద్రం మీద ఆధిపత్యం అంటే మన ఓడలు నిశ్చింతగా తిరగగలగడం. ఆ నిశ్చింతను చెడగొట్టడానికి ఓడల్ని ముంచనక్కరలేదు, మునుగుతాయేమోనన్న అనుమానం పుట్టిస్తే చాలు. సముద్ర మందుపాతర చేసే అసలు పని అదే. దాని బలంలో పేలుడు వాటా తక్కువ, అనుమానం వాటా ఎక్కువ. అందువల్లనే అది యుద్ధరంగంలో కన్నా బేరసారాల బల్ల దగ్గర ఎక్కువ పని చేస్తుంది. ఈ అధ్యాయంలో నిరూపించదలుచుకున్నది ఇదే. అందుకు ముందుగా ఆ ఇనప గుండు ఎలా పని చేస్తుందో తెలుసుకోవాలి.

పాత రకం మందుపాతర గాలి నిండిన గుండ్రటి పీపా. అందులో పేలుడు మందు కొంతభాగమే, మిగతాది దాన్ని తేల్చే ఖాళీ. పైభాగంలో మెత్తటి సీసంతో చేసిన కొమ్ములు పొడుచుకుని ఉంటాయి. ప్రతి కొమ్ములో ఆమ్లం నింపిన సన్నటి గాజు గొట్టం ఉంటుంది, దాని కింద ఆమ్లం పోయని చిన్న బ్యాటరీ ఉంటుంది. ఓడ వచ్చి రాసుకుంటే కొమ్ము వంగుతుంది, గాజు చిట్లుతుంది, ఆమ్లం బ్యాటరీలోకి కారుతుంది, విద్యుత్తు పుడుతుంది, మందు పేలుతుంది. అంటే ఓడ తగిలిన క్షణంలోనే దాని బ్యాటరీకి ప్రాణం వస్తుంది. అంతవరకు అది ఎన్నేళ్ళయినా మౌనంగా ఉండగలదు. గుండు ఎంత లోతున నిలబడాలన్నది కూడా దానంతట అదే నిర్ణయించుకుంటుంది. నీళ్ళలో పడగానే గుండు పైన తేలుతుంది, లంగరు దిమ్మ తాడు విప్పుకుంటూ కిందికి దిగుతుంది. దిమ్మకు కింద, ఉదాహరణకు మూడు మీటర్ల తాడుతో, చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. ఆ బరువు నేలను తాకగానే పై తాడు చుట్ట బిగుసుకుంటుంది. దిమ్మ ఇంకా మూడు మీటర్లు దిగాలి కాబట్టి గుండును కూడా మూడు మీటర్లు నీళ్ళలోకి లాక్కుపోతుంది. సముద్రం లోతు ఎంతో వేసేవాడికి తెలియనక్కరలేదు. ఇంత సులువు కాబట్టే ఈ పనికి యుద్ధనౌక అక్కర్లేదు, చేపల పడవ చాలు.

నీళ్ళలో పేలుడు గాలిలో పేలుడు కన్నా ఎందుకు ప్రమాదకరమో కూడా చూడాలి. గాలి నొక్కుకుపోతుంది, దెబ్బలో కొంత తనలో కలిపేసుకుంటుంది. నీరు దాదాపు నొక్కుకుపోదు, తాకిన దెబ్బను ఉన్నదున్నట్టుగా ఓడకు అప్పగిస్తుంది. ఆ వెంటనే వేడి వాయువుల బుడగ ఉబ్బి ఓడ నడుమును పైకెత్తుతుంది, తర్వాత కుంచించుకుపోయి ఆధారం లేకుండా వదిలేస్తుంది. పైకీ కిందికీ వంగిన ఓడ వెన్ను అక్కడ విరుగుతుంది. 1988 ఏప్రిల్ 14న గల్ఫ్‌లోనే అమెరికా ఫ్రిగేట్ శామ్యూల్ బి. రాబర్ట్స్‌కు ఇలాంటి దెబ్బే తగిలింది. కాపలాలో ఉన్న నావికులు నీటి మీద మూడు గుండ్లను చూశారు. ఓడ ఆగింది, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కనిపించని నాలుగోది అప్పుడు పేలింది. అయిదారు మీటర్ల చిల్లు పడింది, వెన్ను విరిగింది, ఇంజన్లు దిమ్మల మీది నుంచి ఊడిపడ్డాయి. చీలుతున్న పైకట్టడాన్ని నావికులు ఉక్కు తాళ్ళతో కట్టి నిలబెట్టారు. పదిమంది గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. మరమ్మతుకు దాదాపు 9 కోట్ల డాలర్లు అయ్యాయి. దాన్ని దెబ్బతీసిన ఇరాన్ ఎం-08 మందుపాతర ఖరీదు 1,500 డాలర్లని అంచనా. దాని నమూనా 1908 నాటి రష్యాది. గోరంత ఖర్చుతో కొండంత నష్టం అన్నమాట. నాలుగు రోజుల తర్వాత అమెరికా ఎదురుదాడి చేసి ఇరాన్ ఫ్రిగేట్ సహంద్‌ను ముంచేసింది. ఆ ఎదురుదాడి సంగతికి మళ్ళీ వద్దాం.

గుండుకు కొమ్ములుంటే తగలాలి, తగలకుండా చూసుకుంటే బతకవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ఆ ధీమాను కూడా తీసేసింది. ఉక్కు ఓడ భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా మారుస్తుంది. సముద్రం అడుగున పడుకుని ఆ మార్పును పసిగట్టి పేలే మందుపాతరలను 1939లో జర్మనీ బ్రిటన్ రేవుల దగ్గర జారవిడిచింది. ఓడలు ఏ కారణంతో మునుగుతున్నాయో అంతుపట్టలేదు. ఆ నవంబరులో థేమ్స్ నది ముఖద్వారంలో షూబరీనెస్ దగ్గర విమానం నుంచి పడిన ఒక గుండు, పోటు తీసేసరికి బురదలో బయటపడింది. జాన్ ఊవ్రీ అనే నౌకాదళ అధికారి అయస్కాంత గుణం లేని లోహంతో ప్రత్యేకంగా చేయించిన పనిముట్లతో దాన్ని విప్పాడు. లోపలి యంత్రం చూశాక విరుగుడు దొరికింది. ఓడ చుట్టూ విద్యుత్ తీగలు చుట్టి దాని అయస్కాంత గుర్తును తగ్గించడం మొదలైంది. అయితే అవతలివాళ్ళూ ఊరుకోలేదు. ఇంజను శబ్దానికి పేలేవి వచ్చాయి, ఓడ మీదుగా పోతే నీటి ఒత్తిడిలో వచ్చే తేడాకు పేలేవి వచ్చాయి. అన్నిటికన్నా మాయదారిది లెక్కపెట్టే యంత్రం. అది మొదటి అయిదు ఓడల్ని పోనిచ్చి, ఆరోదాని కింద పేలుతుంది. ఒక దారిలో అయిదుసార్లు ఓడ క్షేమంగా వెళ్ళిందంటే ఆ దారి శుభ్రంగా ఉందని అర్థం కాకుండా పోయింది. అనుమానానికి ఇంజనీరింగ్ రూపం ఇవ్వడమంటే ఇదే.

దీని ఫలితం యుద్ధంలో ఎలా ఉంటుందో 1950 అక్టోబరులో కొరియా తూర్పు తీరంలోని వోన్సాన్ రేవు చూపించింది. ఐక్యరాజ్య సమితి పేరుతో దాదాపు 250 ఓడలు సైన్యాన్ని దింపడానికి వచ్చాయి. ఎదురుగా చెప్పుకోదగ్గ నౌకాదళమే లేదు. కానీ ఉత్తర కొరియా సోవియట్ సలహాతో సుమారు 3,000 మందుపాతరలను పడవల మీద నుంచి వేసి ఉంచింది. అక్టోబరు 12న వాటిని ఏరడానికి వెళ్ళిన పైరేట్, ప్లెడ్జ్ అనే రెండు అమెరికా మైన్‌స్వీపర్లు పేలి మునిగిపోయాయి. మెరైన్ సైనికులు ఓడల్లో కూర్చుని రోజుల తరబడి తీరం వెంట పైకీ కిందికీ తిరిగారు. అప్పటికే దక్షిణ కొరియా సేనలు భూమార్గాన వెళ్ళి వోన్సాన్‌ను పట్టుకున్నాయి. మెరైన్లు దిగేసరికి వాళ్ళకక్కడ యుద్ధం మిగల్లేదు. 1991లో కువైట్ తీరం దగ్గరా ఇదే జరిగింది. ఫిబ్రవరి 18న ఒకేరోజు ట్రిపొలి, ప్రిన్స్‌టన్ అనే రెండు పెద్ద అమెరికా నౌకలు ఇరాక్ మందుపాతరలకు దెబ్బతిన్నాయి. వీటిలో ప్రిన్స్‌టన్ అప్పటికి అత్యాధునికమైన ఏజిస్ రాడార్ ఉన్న క్రూయిజర్. ఆకాశంలో వచ్చే క్షిపణిని వందల కిలోమీటర్ల దూరాన పట్టే కన్ను దానికి ఉంది, కాళ్ళ కింద ఏముందో చూసే కన్ను లేదు. సముద్రం మీద నుంచి కువైట్‌లో దిగే ఆలోచన చివరికి ఆచరణలోకి రానేలేదు.

ఇక రాజకీయం. క్షిపణిని వదిలినవాడు రాడార్‌లో దొరుకుతాడు. మందుపాతర మీద పంపినవాడి చిరునామా ఉండదు. 1984 జులై నుంచి రెండు మూడు నెలలపాటు ఎర్ర సముద్రంలో, సూయజ్ సింధుశాఖలో పదిహేనుకు పైగా వాణిజ్య నౌకలు అంతుచిక్కని పేలుళ్ళకు దెబ్బతిన్నాయి. లిబియాకు చెందిన ఘాత్ అనే సరుకు ఓడ మీద అందరి అనుమానం. న్యాయస్థానంలో నిలబడేలా ఎవరూ రుజువు చేయలేదు. ఏ దేశమూ యుద్ధం ప్రకటించలేదు. అయినా సూయజ్ కాలువ మీద ఆధారపడే దేశాలన్నీ కంగారుపడి మైన్‌స్వీపర్లను పంపాయి. ఇక్కడ నష్టపోయేది దెబ్బతిన్న ఓడ ఒక్కటే కాదు. లండన్‌లో బీమా సంస్థలు ఒక సముద్ర భాగాన్ని ప్రమాదకరమని జాబితాలో చేర్చగానే ఆ దారిన పోయే ప్రతి ఓడకూ అదనపు ప్రీమియం పడుతుంది. ఆ భారం సరుకు ధరలోకి దిగుతుంది. పది గుండ్లు వేస్తే వంద ఓడల యజమానులు దారి మార్చుకుంటారు. అణ్వస్త్రాల్లో తప్ప మరే ఆయుధంలోనూ వాడకానికీ ప్రభావానికీ మధ్య ఇంత దూరం కనిపించదు.

బేరసారాల్లో దీని ఉపయోగం తెలియాలంటే ఉత్తర వియత్నాంలోని హైఫాంగ్ రేవును చూడాలి. 1972 మేలో అమెరికా నౌకాదళ విమానాలు ఆ రేవు ముఖద్వారంలో మొదటి విడతగా 36 మందుపాతరలు వేశాయి. వాటిని 72 గంటల తర్వాతే ప్రాణం పోసుకునేలా అమర్చారు. అధ్యక్షుడు నిక్సన్ టెలివిజన్‌లో ఆ సంగతి ప్రకటించాడు, వెళ్ళిపోదలచిన విదేశీ ఓడలకు గడువు ఇచ్చాడు. కొన్ని వెళ్ళిపోయాయి, మిగతావి నెలల తరబడి రేవులో చిక్కుకుపోయాయి. ఓడల్ని ముంచకుండానే రేవు మూతబడింది. 1973 జనవరి పారిస్ ఒప్పందంలో, వేసిన మందుపాతరల్ని తీసే బాధ్యత అమెరికాదేనని ప్రత్యేకంగా రాసుకున్నారు. ఆ తర్వాతి కథ మరింత ఆసక్తికరం. ఒప్పందాన్ని హనోయ్ సరిగ్గా పాటించడం లేదంటూ ఏప్రిల్‌లో అమెరికా ఏరివేత ఆపేసింది, జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టింది. అంటే వేయడం ఎంత ఒత్తిడో, తీయకపోవడమూ అంత ఒత్తిడే. నిజానికి వాటిలో చాలాభాగం అప్పటికే గడువు తీరి చచ్చిపోయాయి. మొత్తం ఏరివేతలో పేలింది ఒక్కటే. అయినా దారి శుభ్రమైందని నమ్మించడానికి, లోపలంతా నురుగు పదార్థం నింపిన ఒక పాత ఓడను స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కొద్దిమంది సిబ్బందితో ఆ కాలువలో పదేపదే తిప్పవలసి వచ్చింది. మందు చచ్చినా అనుమానం చావలేదు.

ఇంతవరకు చెప్పింది విన్నవారు వేయగల మొదటి ప్రశ్న: ఇది బలహీనుల ఆయుధం కదా, పెద్ద శక్తుల రాజకీయాన్ని దీనితో ఎలా కొలుస్తాం? చరిత్ర ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోదు. 1915 మార్చి 18న డార్డనెల్స్ జలసంధిలో టర్కీ ఓడ నుస్రత్ వేసిన 26 గుండ్లు బ్రిటిష్, ఫ్రెంచి యుద్ధనౌకలు మూడింటిని పోగొట్టిన మాట నిజమే. అక్కడ బలహీనుడే గెలిచాడు. కానీ 1945 మార్చి నుంచి ఆగస్టు దాకా అమెరికా బి-29 విమానాలు జపాన్ చుట్టూ 12,000కు పైగా మందుపాతరలు వేశాయి. 670 దాకా ఓడలు మునిగాయి, లేదా దెబ్బతిన్నాయి. పోగొట్టుకున్న విమానాలు 15 మాత్రమే. తిండిగింజలూ బొగ్గూ అందకుండా చేయడమే లక్ష్యం కాబట్టి ఆ కార్యక్రమానికి ‘ఆకలి’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. 1984లో నికరాగువా రేవుల్లో మందుపాతరలు వేయించింది కూడా అమెరికా గూఢచారి సంస్థే. అంతర్జాతీయ న్యాయస్థానం 1986లో దాన్ని తప్పుబట్టింది, అమెరికా ఆ తీర్పును లెక్కచేయలేదు. కాబట్టి ఈ ఆయుధానికి బలవంతుడూ బలహీనుడూ తేడా లేదు. తేడా అల్లా తర్వాత ఏం చేయగలరన్నదే. బలహీనుడు సముద్రాన్ని ఇతరులకు మూయగలడు, తనకు తెరుచుకోలేడు. సహంద్ మునక చెప్పే పాఠం అది. మందుపాతర ఇరాన్‌కు అమెరికాను ఆపే శక్తినిచ్చింది, గల్ఫ్‌ను ఏలే శక్తినివ్వలేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. క్షిపణులు, డ్రోన్లు వచ్చాక ఈ పాత ఇనప గుండుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు అని అడగవచ్చు. 1967లో ఈజిప్టు చిన్న పడవ వదిలిన క్షిపణులు ఇజ్రాయెల్ నౌక ఐలాత్‌ను ముంచాయి. 1971 డిసెంబరులో మన క్షిపణి పడవలు కరాచీని దెబ్బతీశాయి. 2022 ఏప్రిల్‌లో రష్యా నల్ల సముద్ర దళానికి తలమానికమైన మోస్క్వా ఉక్రెయిన్ క్షిపణులకు బలైంది. 2023 చివర్నుంచి యెమెన్‌లోని హూతీలు డ్రోన్లతో, క్షిపణులతో ఎర్ర సముద్రం మీద దాడి చేస్తే, పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి. ఇవన్నీ నిజాలే, కానీ నా వాదనను బలపరిచే నిజాలు. హూతీలు ముంచిన ఓడలు కొద్ది, దారి మళ్ళించిన ఓడలు లెక్కలేనన్ని. కొత్త ఆయుధాలు పాత మందుపాతర తర్కాన్నే వారసత్వంగా తీసుకున్నాయి. ఒక తేడా మాత్రం ఉంది. క్షిపణిని ఆకాశంలో కూల్చవచ్చు, దాన్ని వదిలే స్థావరాన్ని పేల్చవచ్చు, దాడి ఆగితే ప్రమాదమూ ఆగుతుంది. మందుపాతర విషయంలో యుద్ధం ఆపినా ప్రమాదం ఆగదు.

వేసినవాడి మెడకే చుట్టుకుంటుంది కదా అన్నది మూడో మాట. ఇదీ నిజమే, అందుకే ఈ ఆయుధాన్ని వాడటం కన్నా వాడతామని బెదిరించడం ఎక్కువ. హోర్ముజ్ జలసంధి ఇరుకైన చోట 40 కిలోమీటర్ల లోపే ఉంటుంది. ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు 2024లో ఆ దారినే వచ్చింది. దాన్ని మూస్తే మొదట దెబ్బతినే దేశాల్లో, ఆ దారినే చమురు అమ్ముకునే ఇరాన్ కూడా ఒకటి. తాను తీసిన గోతిలో తానే పడటానికి మన విశాఖపట్నం తీరంలోనే ఒక ఉదాహరణ ఉండవచ్చు. 1971 డిసెంబరు 3-4 రాత్రి అక్కడ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి, అందులోని సిబ్బంది అంతా పోయారు. అది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ, రేవు ముఖద్వారంలో మందుపాతరలు వేయడానికి వచ్చింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకు అది మునిగిందని భారత్ చెబుతుంది. తాను వేసిన మందుపాతరకే బలై ఉండవచ్చన్నది పాకిస్తాన్ వైపు వినిపించే కథనం. అర్ధశతాబ్దం దాటినా వాదన తేలలేదు. నీటి అడుగున జరిగిన దానికి సాక్షులుండరు, ఆ సంగతి వేసినవాడికీ వర్తిస్తుంది.

చివరి అభ్యంతరం ఇంజనీర్లది. మనిషి లేని పడవలు, నీటి అడుగు రోబోలు, సోనార్ చిత్రాల్ని చదివే కంప్యూటర్లు వచ్చాక ఏరడం తేలికవుతుందని వారి ఆశ. నావికుల ప్రాణాలకు సంబంధించినంతవరకు ఆ ఆశ సహేతుకమే. కానీ సముద్రం అడుగున రాళ్ళు, పాత పీపాలు, మునిగిన వలలు, బురద ఉంటాయి. సోనార్‌కు మందుపాతరలా కనిపించిన ప్రతి వస్తువునూ దగ్గరకు వెళ్ళి చూడాలి. వెతికినచోట ఏమీ దొరకలేదంటే అక్కడ ఏమీ లేదని పూర్తి హామీ కాదు. ఎంత మంచి యంత్రమైనా అనుమానాన్ని తగ్గిస్తుంది తప్ప సున్నా చేయలేదు. ఎక్కడెక్కడ ఎన్ని వేశారో తెలిపే పటం వేసినవాడి దగ్గరే ఉంటుంది. కాబట్టి సముద్రాన్ని త్వరగా, నమ్మకంగా తెరవాలంటే యంత్రంతోపాటు శత్రువు సహకారమూ కావాలి. ఈ సమస్య ఇక్కడ సాంకేతిక రంగం దాటి రాజకీయంలో పడుతుంది.

2022లో నల్ల సముద్రం దీన్ని రుజువు చేసింది. రష్యా సైన్యం తీరాన దిగకుండా ఉక్రెయిన్ ఒడెస్సా రేవు ముందు మందుపాతరలు వేసుకుంది. ఎదురుగా రష్యా దిగ్బంధం ఉంది. రెంటి మధ్య గోధుమలు, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు నూనె చిక్కుకున్నాయి. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం అప్పటికి ఆ రెండు దేశాల నుంచే వచ్చేది, హైదరాబాద్, విజయవాడ వంటిళ్ళలో నూనె ప్యాకెట్ ధర ఎగబాకడానికి అదో కారణం. దారి తెరిచింది మైన్‌స్వీపర్లు కావు. జులై 22న ఇస్తాంబుల్‌లో టర్కీ, ఐక్యరాజ్య సమితి మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందం తెరిచింది. ఎక్కడ ఏముందో తెలిసిన ఉక్రెయిన్ వారే ఓడలకు సురక్షితమైన దారి చూపించారు. ఆగస్టు 1న రజోనీ అనే ఓడ 26,000 టన్నుల పైచిలుకు మొక్కజొన్నతో బయలుదేరింది. ఏడాది తిరిగేసరికి రష్యా ఒప్పందం నుంచి తప్పుకుంది. ఉక్రెయిన్ తన తీరం వెంట వేరే దారి ఏర్పాటు చేసుకున్నా, కొట్టుకొచ్చే గుండ్ల బెడద మిగిలింది. 2024 జనవరిలో టర్కీ, రుమేనియా, బల్గేరియా ఉమ్మడిగా ఏరివేత దళం పెట్టుకోవడానికి సంతకాలు చేశాయి.

దీని నుంచి మన దేశం తీసుకోవలసిన పాఠం స్పష్టం. వివిధ రకాల సంకేతాల్ని పసిగట్టే కొత్త మందుపాతరను విశాఖపట్నంలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించింది, 2025 మేలో పరీక్షించారు. తయారీలో హైదరాబాద్ సంస్థకూ భాగముంది. వేసే విద్యలో మనం ముందుకెళుతున్నాం. ఏరే విద్యలో వెనకబడ్డాం. 2019లో చివరి మైన్‌స్వీపర్ ఐఎన్ఎస్ కోజికోడ్ సేవల నుంచి తప్పుకుంది. దాని స్థానంలో రావలసిన ఓడలకు రక్షణ కొనుగోళ్ళ మండలి సూత్రప్రాయ ఆమోదం 2025 జులైలోగానీ రాలేదు. విదేశీ వాణిజ్యంలో అత్యధిక భాగం సముద్రం మీదే నడిచే దేశానికి ఇది చిన్న లోటు కాదు. పది కొత్త యుద్ధనౌకలున్నా, రేవు నోట్లో రెండు గుండ్లు పడ్డాయన్న వార్త వస్తే అవి రేవులోనే ఉండిపోతాయి.

అంతర్జాతీయ చట్టంలోని లోటు ఇంకా పెద్దది. సముద్ర మందుపాతరల కోసమే చేసిన ఒడంబడిక ఇప్పటికీ 1907 నాటి హేగ్ ఒప్పందమే. అది తగిలితే పేలే గుండ్ల గురించి మాత్రమే మాట్లాడుతుంది. అయస్కాంతం, శబ్దం, ఒత్తిడి పసిగట్టేవి అప్పటికి పుట్టలేదు. వాణిజ్యాన్ని అడ్డుకోవడమే ఏకైక ఉద్దేశంగా వేయకూడదని అందులో ఉంది. మాకు వేరే ఉద్దేశం కూడా ఉందని చెప్పుకుంటే చాలు, ఎవరైనా తప్పుకోవచ్చు. 1997 ఒట్టావా ఒప్పందం నేల మీద మనుషుల్ని చంపే మందుపాతరల్ని నిషేధించింది, సముద్రం జోలికి పోలేదు. పెద్ద నౌకాదళాలు ఈ ఆయుధాన్ని పూర్తిగా వదులుకోవని మనకు తెలుసు. కనీసం మూడు నియమాలు అడగవచ్చు. వేసినచోటును ప్రకటించాలి, గడువు తీరాక తనంతట తాను చచ్చిపోయే ఏర్పాటు ఉండాలి, యుద్ధం ముగియగానే పటాన్ని అప్పగించాలి. హైఫాంగ్‌లో మొదటి రెండూ యుద్ధం మధ్యలోనే జరిగాయి కాబట్టి ఇవి అసాధ్యమైన కోరికలు కావు. సముద్రాన్ని మూయడం ఒక్కడి చేతిలో పని, తెరవడానికి ఇద్దరు కావాలి. ఆ రెండోవాణ్ణి బల్ల దగ్గరికి తీసుకురాగలిగిన దేశం, ఏరే ఓడలు సిద్ధంగా ఉంచుకున్న దేశం, ఆయుధాల పట్టికలో ఎన్నో స్థానంలో ఉన్నా, సముద్రం మీద నిశ్చింతగా తిరగగలుగుతుంది.